తెల్లబడ్డ పాన్‌దాన్

ఫిబ్రవరి 4, మంగళవారం

ఇది రాయొద్దనే అనుకున్నాను. రాసి ఎవరికి చూపించాలి గనక. మధ్యాహ్నం నుంచి మూడుసార్లు డైరీ తెరిచి మూడుసార్లు మూశాను. నాలుగోసారి పెన్నులో ఇంకు లేదని తెలిసి సంతోషపడ్డాను. తీరా చూస్తే జేబులో ఇంకో పెన్ను ఉంది.

వేరే సంగతైతే ఆలంబీకి నోటితోనే చెప్పేవాణ్ని. ఆమెకు చెప్పలేని సంగతి కాబట్టి రాస్తున్నాను. నా భార్య ఉర్దూ చదువుతుంది, తెలుగు గడగడా మాట్లాడుతుంది, తెలుగు అక్షరం మాత్రం ఒక్కటి రాదు. ముప్ఫై ఏళ్లుగా నా డైరీ తెలుగులో సాగడానికి కారణం అదే. నేను బడికి పోయింది మూడేళ్లు, అదీ ఉర్దూ బడి. తెలుగు ఫ్యాక్టరీ గోడల మీద నేర్చుకున్నాను. కూడబలుక్కుని చదివిన మొదటి మాట 'ప్రమాదం'. రెండోది 'పొగ త్రాగరాదు'. ఆ రెండు మాటలతో మొదలుపెట్టి పేపరు మొత్తం చదివే దాకా వచ్చాను. సరే, అది ఇప్పుడు ఎందుకు.

సంగతి ఇది. ఆలంబీ పాన్‌దాన్ తెల్లబడింది.

ఆకూ వక్కా పెట్టుకునే డబ్బా, బీదర్ పనితనం అది. నల్లటి లోహం మీద సన్నటి వెండి తీగతో పువ్వులు, పైన గుమ్మటం లాంటి మూత. వాళ్లమ్మ ఇచ్చింది. పెళ్లిలో కాదు, పోవడానికి రెండు రోజుల ముందు, మంచం మీద పడుకునే చేతికి అందించింది. ఇప్పుడు అది అల్యూమినియం టిఫిన్ డబ్బాలా ఉంది. వెండి పువ్వులు ఎక్కడికీ పోలేదు. చుట్టూ నలుపు పోయేసరికి తెలుపులో తెలుపు కలిసి కనపడటం లేదు, అంతే.

తోమింది మల్లమ్మ, పైగదిలో దిగిన ఆమె.

మేడ మీద ఆ గది మా అబ్బాయి ఇమ్తియాజ్ పరాయి దేశం నుంచి డబ్బు పంపి కట్టించాడు. రోజు కిరాయికి ఇద్దామన్నది కోడలు ఫర్హీన్. ఆమె మందుల కంపెనీ ల్యాబులో పని చేస్తుంది, ఏదైనా కొలిచి రాసుకుంటే గాని మనసు కుదుటపడదు. ఫోన్ యాప్‌లో గదికి 'డెక్కన్ నెస్ట్' అని పేరు పెట్టింది. ఆలంబీ 'పైసత్రం' అంటుంది. ఫ్యాక్టరీల్లో లెక్కలు చూడటానికి వచ్చేవాళ్లు, పుణె నుంచి యంత్రాలు బిగించడానికి వచ్చేవాళ్లు దిగుతారు. ఎక్కువమంది మా వెనక సందు ఆసుపత్రిలో తమ మనిషిని పెట్టుకున్నవాళ్లు.

మల్లమ్మది గుమ్మడిదల దగ్గర పల్లె. యాభై ఐదేళ్లుంటాయి. కొడుకు ప్రవీణ్ కొల్లూరు దగ్గర బండి మీంచి జారి పడ్డాడు, కాలు రెండు చోట్ల విరిగింది. వార్డులో ఒక్కరినే ఉండనిస్తారు. అందుకని అత్త, కోడలు వంతులేసుకున్నారు. ఒకరు ఆసుపత్రిలో, ఒకరు మా పైన. గది బుక్ చేసింది కోడలు నిషిత, ఆమె ఫోన్ మీద. వచ్చి వారం అయింది.

మల్లమ్మ చేతులు ఖాళీగా ఉండవు. మొదటి రోజు మెట్లు ఊడ్చింది. రెండో రోజు కిటికీ ఊచలు కడిగింది. మూడో రోజు బకెట్ అడుగు తోమితే దానికి నీలం రంగు ఉందని మాకు తెలిసింది. ఈ రోజు కొడుకుకు రెండో ఆపరేషన్. నిషిత అక్కడ ఉంది. మల్లమ్మ పైగదిలో ఒక్కతే ఉండి, ఆ మూడు గంటలూ పాన్‌దాన్ తోమింది.

అరచేతిలో పెట్టుకుని నవ్వుతూ దిగి వచ్చింది.

"ఎన్నేండ్ల మసి సాబ్ ఇది. చింతపండుకు గూడ జల్ది లొంగలే."

నేనేమన్నానో గుర్తులేదు. తీసుకుని లోపలికి వచ్చాను.

అడగకుండా తోమింది. ఒకరింటి వస్తువు, అడగకుండా.

ఫిబ్రవరి 5, బుధవారం

పాన్‌దాన్ పైగదిలోకి ఎలా వెళ్లిందో రాసి పెట్టుకోవడం మంచిది.

ఆలంబీ కంటి ఆపరేషన్ కోసం జనవరి మొదట్లోనే జహీరాబాద్‌లో కూతురు రుఖయ్యా ఇంటికి వెళ్లింది. షుగరు తగ్గాక శుక్లం తీయించుకుని, కొన్నాళ్లు అక్కడే ఉండి పదిహేనో తేదీన వస్తుంది. ఆమె వెళ్లిన మర్నాడు ఫర్హీన్ గదికి కొత్త ఫొటోలు తీసింది. అంతకుముందు దిగిన ఒక ఆడిటరు "గది శుభ్రంగా ఉంది, చూడ్డానికి ఏమీ లేదు" అని రాసి పోయాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. పాన్‌దాన్ తీసుకెళ్లి కిటికీ గూట్లో పెట్టాను. ఫొటో అయ్యాక తెచ్చేద్దామనే పెట్టాను.

తేలేదు. ఎందుకంటే దిగినవాళ్లు దాన్ని చూసి అడిగేవారు, అడిగితే నేను చెప్పేవాణ్ని. ఒకాయనకు అది కలెక్టరు కచేరీ నుంచి బహుమతిగా వచ్చిందని చెప్పాను. పుణె ఇంజనీరుకు దాని వయసు నూట ఇరవై ఏళ్లన్నాను. ఆయన చెవిలో ఫోన్ తీగలు తీసేసి విన్నాడు. ఈ రోజుల్లో మనం మాట్లాడుతుంటే చెవుల్లోంచి ఏదైనా తీసేవాడు దొరకడం తేలిక కాదు.

కళ్లు మసకబారాక ఆలంబీ దానికి నూనె రాయడం మానేసింది. వెండి కూడా నల్లగా మాసిపోయింది. తెలియనివాళ్లకు అది మసిపట్టిన డబ్బాలా కనిపించి ఉండొచ్చు. అయినా అడగాలి కదా.

పొద్దున మల్లమ్మ ఆపరేషన్ బాగా అయిందని చెప్పడానికి వచ్చింది. నేను ముభావంగా ఉంటే ఏమైందని అడిగింది. ఆ నలుపే దాని అందమని, ఆ నలుపు కోసమే దాన్ని చేస్తారని చెప్పాను. మెట్టు మీద కూలబడింది. చాలాసేపు తన చేతులకేసి చూసుకుంది.

"నేనేం చెయ్యాల్నో చెప్పు సాబ్. అది చేస్త."

కంపెనీవాళ్లు చూసుకుంటారని చెప్పాను. కంపెనీ అంటే యాప్. ఇంట్లో జరిగిన సంగతిని ఇంటి బయటివాళ్ల మీదికి నెట్టేయడానికి ఈ యాప్‌లు బాగా పనికొస్తాయి.

ఫిబ్రవరి 6, గురువారం

ఫర్హీన్ ఫిర్యాదు పెట్టింది. ముందు ఫొటో, తర్వాత ఫొటో రెండూ ఎక్కించింది. ఫోన్‌లో ప్రశ్నలు వస్తుంటే ఆమె తెలుగులో చదివింది, నేను జవాబులు చెప్పాను. వస్తువు వయసు ఎంత? నూట ఇరవై. బాగు చేయగలరా? అసాధ్యం. ఎలా పాడైంది? అతిథి నిర్లక్ష్యం వల్ల. ఫర్హీన్ రాసుకుంటూ పోయింది.

మధ్యలో ఒక ప్రశ్నకు కాస్త ఆలోచించాల్సి వచ్చింది. ఆమె రెండుసార్లు చదివింది. "లేదు అని పెట్టు" అన్నాను. అదంత ముఖ్యమైన ప్రశ్న కాదు.

ఆ తర్వాత చాయ్ తాగాను. చాయ్ బాగుంది.

ఫిబ్రవరి 8, శనివారం

వాళ్లు ఖాళీ చేసి వెళ్లారు.

నేను వెళ్లమనలేదు. ఎవరూ అనలేదు. ఫిర్యాదు తేలే దాకా నిషిత పేరు మీద ఎక్కడా గది ఇవ్వబోమని యాప్ నుంచి మెసేజ్ వచ్చిందట. వచ్చే వారానికి ఆమె చేసుకున్న బుకింగ్ దానంతటదే పోయింది. ఇరవై నాలుగు గంటల్లో జవాబు రాయాలట. మగడికి కట్టు విప్పి కట్టే రోజున ఆ పిల్ల జవాబు ఏం రాస్తుంది.

మల్లమ్మ గది ఊడ్చి, దుప్పట్లు నాలుగు మడతలు పెట్టి, తాళంచెవి ఫర్హీన్ చేతికిచ్చి వెళ్లింది. నేను అప్పుడు లోపల షేవింగు చేసుకుంటున్నాను. ఈ మధ్య షేవింగుకు చాలాసేపు పడుతోంది.

వెళ్లి చూస్తే గదిలో ఒక్క లోటు లేదు. కిటికీ గూడు ఖాళీగా ఉంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఆసుపత్రి సందులోంచి వెళ్లడం మానేశాను. అటు దుమ్ము ఎక్కువ.

ఫిబ్రవరి 10, సోమవారం

దుమ్ము కాదు.

నిన్న రొట్టె కోసం వెళ్తూ చూశాను. ఆసుపత్రి గోడ పక్కన రేకుల షెడ్డు ఉంది. రోగుల వెంట వచ్చినవాళ్లు ప్లాస్టిక్ చాపలు వేసుకుని అక్కడ పడుకుంటారు. మల్లమ్మ ఇనుప కడ్డీల మీద చీర ఆరేస్తోంది. మోకాళ్లు పట్టేశాయేమో, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఇంకో చేత్తో ఆరేస్తోంది. నన్ను చూసి దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకుని రెండు మూడు జవాబులు సిద్ధం చేసుకున్నాను.

"అమ్మ కన్ను ఎట్లున్నది సాబ్?" అంది.

బాగుందని చెప్పి వచ్చేశాను. రొట్టె తేవడం మరిచిపోయాను.

సాయంత్రం ఆలంబీ ఫోన్ చేసింది. కంటికి కట్టు తీశారట. రుఖయ్యా ఇంటి గోడ మీద చీమల బారు కనిపించిందట. ఎన్నేళ్లయిందో చీమను చూసి అంటూ కాసేపు చీమల గురించే మాట్లాడింది. తర్వాత, నా పాన్‌దాన్ వంటింట్లోనే ఉంది కదా అని అడిగింది. ఉందన్నాను. అబద్ధం కాదు. బియ్యం డబ్బా వెనక, తువ్వాలులో చుట్టి ఉంది.

పాడు చేసింది మల్లమ్మ. ఫిర్యాదులో రాసింది నిజమే. అడగకుండా

ఫిబ్రవరి 12, బుధవారం

బీదర్ వెళ్లి వచ్చాను.

పాన్‌దాన్ సంచిలో పెట్టుకుని పొద్దున్నే పటాన్‌చెరులో బస్సు ఎక్కాను. దారిలో జహీరాబాద్ వస్తుందన్న సంగతి సదాశివపేట దాటాక గుర్తొచ్చింది. బస్టాండులో పది నిమిషాలు ఆపాడు. రుఖయ్యా ఇల్లు అక్కడికి రెండు వీధులు. ఆలంబీ బజారుకు వచ్చి ఉంటుందేమోనని పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీటాయన నన్ను కాసేపు చూసి, "పేపర్ ఉల్టా ఉంది చాచా" అన్నాడు.

డెబ్బై ఒక్క ఏళ్లు నాకు. కన్నూ చెవీ రెండూ పని చేస్తున్న భార్యకు భయపడి తలకిందుల పేపరు చదువుతున్నాను.

బీదర్‌లో ఆ పనివాళ్ల వీధి అడిగి పట్టుకున్నాను. ఒక చిన్న దుకాణంలో నా కన్నా పెద్దాయన నేల మీద కూర్చుని ఉన్నాడు. అందరూ ఉస్తాద్ అంటున్నారు. పాన్‌దాన్ ఆయన ముందు పెట్టి, దాని వంశం, వయసు, కలెక్టరు కచేరీ అంతా మొదలుపెట్టాను. ఆయన వినలేదు. తిప్పి అడుగు చూసి, "అరవై ఏళ్లు" అన్నాడు. అంతే, నా నూట ఇరవైలో సగం అక్కడే పోయింది.

తర్వాత పొయ్యి మీద డేగిశాలో నీళ్లు మరుగుతుంటే, ఒక డబ్బాలోంచి మట్టి చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాడు. కోట లోపల ఎండా వానా తగలని చోటు నుంచి తెచ్చే మట్టి అట. రుచి చూస్తే తెలుస్తుందట. తల ఊపి, ఆ మట్టినీ నవాసాగరం అనే ఉప్పునీ నీళ్లలో కలిపాడు. పాన్‌దాన్‌ను వేడి చేసి అందులో ముంచాడు. మనవరాలు ఎవరో నాకు చాయ్ తెచ్చి ఇచ్చింది. నేను గ్లాసు అంచు పట్టుకుని ఊదుతున్నాను.

ఆయన పటకారుతో పైకి తీశాడు. నల్లగా ఉంది. పాత నలుపు కన్నా నలుపు. కొబ్బరినూనె గుడ్డతో రెండుసార్లు రుద్దేసరికి పువ్వులన్నీ తిరిగి వచ్చాయి. నా చేతిలో చాయ్ ఇంకా తాగే వేడికి రాలేదు.

నేను 'అసాధ్యం' అని రాయించిన పని అది.

"తోమింది ఎవరు?" అని అడిగాడు.

ఎవరో, మా పైన దిగిన మనిషి అన్నాను.

"ఒక్క తీగ గూడ లేవలే. నా దగ్గర పని నేర్చుకునేటోళ్లు పాలిష్ పడితే నాలుగు తీగలు లేస్తయి. ఆ చెయ్యికి మస్తు ఓపిక ఉంది."

నేను 'నిర్లక్ష్యం' అని రాయించిన చేయి అది.

తిరుగు బస్సులో నిద్ర పట్టలేదు. ఇక రాయాల్సింది రాయాలి. ఈ డైరీని చదివేవాళ్లు లేరు, నా ఒక్కడి ముందు నేను ఎన్ని రోజులని నటించాలి.

మంగళవారం మధ్యాహ్నం నేను వాకిట్లో కూర్చుని నర్సింగ్‌కు బాయిలర్ కథ చెబుతున్నాను. నర్సింగ్ నాతో పాటే రిటైరైన ఫిట్టరు, పక్కిల్లే. తొంభై రెండులో సేఫ్టీ వాల్వు ఇరుక్కుపోయి, నేను తడి గోనెసంచి కప్పుకుని లోపలికి వెళ్లిన కథ. నర్సింగ్ దాన్ని నలభైసార్లు విన్నాడు, మొదట్లో రెండు మూడుసార్లు ఆ సంచి తానే తడిపానని కూడా అన్నాడు. కథ సరిగ్గా వాల్వు దగ్గరికి వచ్చింది. మల్లమ్మ మేడ మెట్ల మీద నిలబడి పాన్‌దాన్ ఎత్తి చూపించి, "సాబ్, ఈ నల్లడబ్బా తోమాల్నా?" అని అడిగింది. నేను అటు చూశాను. చూశాను. చూడలేదని రాయడానికి లేదు. చెయ్యి ఊపి, "కానియ్యమ్మా, నీ ఇల్లే అనుకో" అన్నాను. మళ్లీ వాల్వు దగ్గరికి వెళ్లిపోయాను.

ఫర్హీన్ రెండుసార్లు చదివిన ప్రశ్న ఇది: "ఆ వస్తువును శుభ్రం చేయడానికి మీరు అనుమతి ఇచ్చారా?"

ఫిబ్రవరి 13, గురువారం

ముందు ఫర్హీన్‌కు చెప్పాను. ఆమె డ్యూటీకి వెళ్లబోతూ సంచి కింద పెట్టింది.

"రెండుసార్లు అడిగిన అబ్బాజాన్. రెండుసార్లు."

అవునన్నాను. ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలంటే కారణం రాయాలట. 'తోమమన్నది నేనే' అని రాయమన్నాను. ఇంకా ఏమైనా కలపాలా అని అడిగింది. నేను కలపడానికి ఏమీ లేదని చెప్పడం ఆమె విన్నది ఇదే మొదటిసారి అనుకుంటా. నా ముఖంలోకి ఒకసారి చూసి, రాసింది.

తర్వాత పాన్‌దాన్ తువ్వాలులో చుట్టుకుని రేకుల షెడ్డుకు వెళ్లాను. అత్తాకోడళ్లు ఇద్దరూ ఉన్నారు. వంతు మారే వేళ. నిషిత నన్ను చూసి టిఫిన్ గిన్నె మూత పెట్టింది.

"ఏం తాతా, ఇంకేమన్న తోమేది మిగిలిందా?"

తువ్వాలు విప్పి చూపించాను. మల్లమ్మ వంగి చూసింది. చేతులు మాత్రం వెనక్కి పెట్టుకుంది, చిన్నపిల్లలు దుకాణంలో గాజు సామాను ముందు నిలబడినట్టు.

"దీని మీద పువ్వులున్నయా?" అంది. "అంత మసి ఉండె. నేను సూడనే లేదు."

బాగైపోయిందని, నిన్న బీదర్‌లో పావుగంటలో చేశారని చెప్పాను. ఆమె ముఖం విప్పారింది. దేవుడు మంచిగ చూసిండు అంది. ఆ సంతోషం చూస్తూ ఊరుకుని వచ్చేయొచ్చు. కాళ్లు అప్పటికే ఇంటివైపు తిరిగాయి కూడా.

"మల్లమ్మా, ఆ దినం నువ్వు నన్ను అడిగినవు. తోమమన్నది నేనే."

"ఎరుకే."

"మరి ఎందుకు చెప్పలే? నీ కోడలు పేరు మీద అంత రాస్తే ఎందుకు ఊకున్నవు?"

"నువ్వు బాయిలర్ ముచ్చట చెప్తుంటివి. గోనెసంచి తడుపుకున్నది గూడ ఇన్న. ముచ్చట్ల పడి అన్నవు, నీకు యాదికి లేదనుకున్న." ఆమె చీర కొంగు సర్దుకుంది. "యాదికుండి రాసినవని అనుకోలే."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేను తట్టుకునేవాణ్ని. ఫ్యాక్టరీలో ముప్ఫై నాలుగేళ్లు అరుపుల మధ్యే పని చేశాను.

ఫిర్యాదు తీసేశామని, గది ఉందని, యాప్‌తో పని లేకుండా వచ్చి ఉండమని చెప్పాను. నిషిత అత్త వైపు చూసింది. ఆ అమ్మాయికి రావాలని ఉంది, అత్త మోకాళ్ల కోసమైనా. మల్లమ్మ మాత్రం షెడ్డులోని తన చాప వైపు చూసింది.

"మళ్ళ ఏదన్న ముట్టుకుంట నేను. చేతులు ఊకుండవు. వద్దు సాబ్."

ఫిబ్రవరి 14, శుక్రవారం

రాలేదు.

ఫర్హీన్‌కు యాప్ నుంచి జవాబు వచ్చింది. నిషిత పేరు మీద మచ్చ తీసేశారు. తప్పుడు ఫిర్యాదు చేసినందుకు మా గదిని నెల రోజులు కనపడకుండా పెట్టారు. న్యాయమే.

రేపు ఆలంబీ వస్తుంది. పాన్‌దాన్ దాని చోట పెట్టాను. చూడ్డానికి ఏమీ తెలియదు. చెప్పకపోయినా నడుస్తుంది. రాత రాతగానే ఉంటుంది, ఆమెకు తెలుగు చదవడం రాదు.

ఫిబ్రవరి 15, శనివారం

ఆలంబీ వచ్చింది. నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఆటో దిగింది. వాకిట్లోనే అద్దాలు తీసి నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"ఇంత ముసలోడివైనవని రుఖయ్యా చెప్తే నమ్మలే" అంది.

కొత్త కన్ను ఇల్లంతా తిరిగింది. గోడ మూల బూజు, ఫ్యాను రెక్కల మీద దుమ్ము, నేను వదిలేసిన గడ్డం వెంట్రుకలు, అన్నిటికీ లెక్క రాసుకుంది. వంటింట్లోకి వెళ్లి పాన్‌దాన్ ముందు నిలబడింది. చేతిలోకి తీసుకుంది. పువ్వుల మీద బొటనవేలు నడిపింది. ఎంత బాగా కనిపిస్తున్నాయి అంది. కన్ను బాగైనందువల్ల అనుకుంది. ఆమె అలా అనుకోవడం నాకు చాలా సౌకర్యంగా ఉంది.

అప్పుడు మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

ఇంకోసారి వాసన చూసింది. వాళ్లమ్మ చేతి నుంచి వచ్చిన రోజు నుంచి దాని లోపల కాచు, సున్నం, లవంగం వాసన ఉండేది. ఖాళీగా ఉన్నా ఉండేది. మల్లమ్మ లోపల కూడా తోమిందన్న ఆలోచన నాకు ఇన్ని రోజుల్లో ఒక్కసారి రాలేదు. నేను పైపై నలుపు కోసమే బీదర్ దాకా వెళ్లాను.

"కడిగిండ్రా దీన్ని?" అంది.

"తొంభై రెండుల మా బాయిలర్..."

"బాయిలర్ వద్దు. ఎవరు కడిగిండ్రో చెప్పు."

చెప్పాను. నేను దాన్ని పైన పెట్టిన. పైన దిగినామె తోమాల్నా అని అడిగింది. తోమమన్న. మళ్ళ ఆమె మీదనే ఫిర్యాదు రాయించిన. ఆమె ఇప్పుడు ఆసుపత్రి రేకుల కింద పండుకుంటున్నది. ఐదు ముక్కలు. నా జన్మలో ఇంత పొట్టి కథ చెప్పలేదు.

ఆలంబీ మూత పెట్టింది. నన్ను తిట్టలేదు. పాన్‌దాన్ వంక కూడా చూడలేదు.

"నా చెప్పులేవి?" అని ఫర్హీన్‌ను అడిగింది.

ఇద్దరూ వెళ్లారు. నేను వాకిట్లో కుర్చీలో కూర్చున్నాను. నర్సింగ్ వచ్చి పక్కన కూర్చుని, ఏదైనా చెప్పు అన్నాడు. ఏమీ లేదన్నాను. ఒంట్లో బాగాలేదా అని చెయ్యి పట్టి చూశాడు.

ముప్పావుగంటకు ముగ్గురు వచ్చారు. మల్లమ్మ చేతిలో సంచి, చంకలో చాప. షెడ్డులో ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పేవాళ్లు లేరు. ఫర్హీన్ ఒక్క ముక్క చెప్పింది. మల్లమ్మ వద్దంటుంటే ఆలంబీ ఆమె చాప మీద కూర్చుందట. "కన్ను కోయించుకున్న మనిషిని, దుమ్ముల ఉండొద్దన్నడు డాక్టరు. నువ్వు లేస్తేనే నేను లేస్త" అందట.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఆలంబీ నాతో మాట్లాడటం లేదు. అన్నం తినమని ఫర్హీన్‌తో చెప్పిస్తుంది. ఫర్హీన్ డ్యూటీలో ఉంటే కంచం మూత కొంచెం గట్టిగా పెడుతుంది. అది వినపడితే వెళ్లి తినాలి.

మల్లమ్మ మూడు రోజులుగా వంటింటి గుమ్మం దగ్గర కూర్చుంటోంది. ఏ వస్తువునూ ముట్టుకోదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఒకదానితో ఒకటి పట్టుకుని ఉంటుంది. చూడ్డానికి కష్టంగా ఉంది. మెట్లు మళ్లీ మురికైపోయాయి.

ఈ రోజు మధ్యాహ్నం ఆలంబీ ఆకులు తుడుస్తూ, తల ఎత్తకుండా, "ఆ పాన్‌దాన్ జెర ఇటు అందియ్యి" అంది. మల్లమ్మ కదల్లేదు. ఆలంబీ మళ్లీ అనలేదు. ఆకుల మీద తడి తుడుస్తూ ఉంది, తుడిచిన ఆకునే మళ్లీ తుడిచింది. కాసేపటికి మల్లమ్మ లేచి, రెండు చేతులతో గూట్లోంచి తీసి తెచ్చి ఇచ్చింది. ఆలంబీ సున్నం, కాచు, వక్కలు లోపల సర్దింది. కాచు కొంచెం మూత మీద ఒలికింది. తుడవలేదు.

"వాసన పట్టాల్నంటే ఎన్ని దినాలైతది?" అని మల్లమ్మ అడిగింది.

"నేనున్నన్ని దినాలు పడతది" అంది ఆలంబీ. ఆకు చుట్టి ఆమె చేతిలో పెట్టింది.

నాకు పెట్టలేదు. నేను అడగలేదు.

ఫిబ్రవరి 24, సోమవారం

ప్రవీణ్‌ను ఇంటికి పంపించారు. చంకకర్రలతో ఆటో దాకా నడిచాడు. మంచి పొడుగరి, తల ఆటో పైకప్పుకు తగిలింది. నిషిత నాకు నమస్తే చెప్పలేదు, వెళ్తూ ఆలంబీ కాళ్లకు మొక్కింది. మల్లమ్మ ఎక్కే ముందు నా దగ్గరికి వచ్చింది.

"పోయొస్త అన్నా. ఆ బాయిలర్ల ఆఖరికి ఏమైందో చెప్పనే లేదు నువ్వు."

వాల్వు దానంతటదే వదులైందని చెప్పాను. నేను లోపలికి వెళ్లేసరికే. నర్సింగ్‌కు కూడా ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు.

ఫిబ్రవరి 27, గురువారం

పొద్దున పైగది కడుగుతుంటే బాత్‌రూములో మగ్గు పిడి విరిగింది. విరగ్గొట్టింది నేను. కిందికి వచ్చి ఆలంబీకి చెప్పాను. బజారుకు వెళ్లి ఎర్రది తెచ్చి పెట్టాను.